డిస్కు పోయిందనే సాకు



తెలుగు పుస్తకాలను స్కాను చేసి దాచే పనిలో ఉన్నవారి నోట ఇన్నేళ్లుగా ఒకే మాట వింటున్నాను. "ఏం చేస్తామండీ, డిస్కు పోయింది." చెప్పేవారి ముఖంలో సంకోచం కనబడదు. పిడుగు పడిందన్నట్టు, ఉప్పెన వచ్చిందన్నట్టు చెబుతారు. విన్నవారు కూడా "అయ్యో" అని నిట్టూర్చి మరో విషయంలోకి వెళ్లిపోతారు. ఆ మాటను ఈ టపాలో ఖండించదలచాను. డిస్కు పోవడం దైవికం కావచ్చును. డిస్కుతో పాటు పుస్తకం కూడా పోయిందంటే అది ముమ్మాటికీ మానుషమే. దానికి బాధ్యులుంటారు. వారు సమాధానం చెప్పాలి.

"తెలుగు పండితుడికి లినక్సు గొడవ ఎందుకు?" అని కొందరు నవ్వుకోవచ్చు. భాషాప్రవీణ చదివి, ముప్పైయేళ్లకు పైగా ఉన్నత పాఠశాలల్లో పద్యాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. అయితే నేనుండేది ఏ.ఎస్. రావు నగర్‌లో. ఈ కాలనీకి పేరిచ్చిన అయ్యగారి సాంబశివరావు గారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టారు. 1967లో ఈసీఐఎల్ ఏర్పడినప్పుడు దాన్ని నిలబెట్టినవారు ఆయనే. ఆ సంస్థ 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటరును తయారుచేసింది. మా వీధుల్లో విశ్రాంత ఇంజనీరు లేని వరుస అరుదు. నల్లని తెర మీద ఆదేశాలు కొట్టడం నాకు నేర్పినవారు అటువంటి ఇరుగుపొరుగులే. యంత్రం గురించి వారివద్ద విన్నదీ, తాళపత్రాల గురించి గురువుల వద్ద విన్నదీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే పాఠం చెబుతున్నాయి. ఆ పాఠాన్ని మనవారు వినడం లేదన్నదే నా ఫిర్యాదు.

ముందు డిస్కు సంగతి. అందులోని సమాచారమంతా చిన్న చిన్న అరల్లో ఉంటుంది. ఒక్కొక్క అర పేరు సెక్టారు. పాత డిస్కుల్లో సెక్టారుకు 512 బైట్లు, 2010 ప్రాంతం నుంచి వచ్చినవాటిలో ఎక్కువగా 4096 బైట్లు. మనందరం రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడుతుంది. ఉత్పలమాలకు పాదానికి 20 చొప్పున 80 అక్షరాలు. గుణింతాలకూ ఒత్తులకూ వేరువేరు సంకేతాలు కనుక పద్యం మొత్తం 500, 600 బైట్లకు చేరుతుంది. అంటే కొత్త డిస్కులో ఒక్క సెక్టారు చెడితే ఆరేడు పద్యాలు పోయినట్టు. స్కాను చేసిన పుటలైతే బొమ్మను కుదించి దాస్తారు కనుక నష్టం చెడిన చోటనే ఆగకపోవచ్చు. అక్కడినుంచి పుట అడుగుదాకా బూడిదరంగు పరచుకోవచ్చు.

ప్రతి సెక్టారు వెంట తప్పులు దిద్దుకునే సంకేతం కొంత ఉంటుంది. చిన్న దోషాలను డిస్కు తనంతట తానే దిద్దుకుంటుంది. దిద్దలేనంత దోషం వచ్చినప్పుడు చదవలేకపోయానని చెబుతుంది. లినక్సు కెర్నెలు ఆ మాటను తన దినచర్యలో రాసుకుంటుంది. డిస్కు కూడా స్మార్ట్ అనే తన సొంత పట్టికలో నమోదు చేసుకుంటుంది. స్మార్ట్‌సీటీఎల్ అనే ఆదేశంతో ఆ పట్టికను ఎవరైనా చూడవచ్చు. అందులో 5వ వరుస, చెడిన సెక్టార్ల బదులు పక్కన దాచిన అరలను ఎన్నిటిని వాడుకున్నదో చెబుతుంది. 197వ వరుస, చదవలేక అనుమానంలో పెట్టిన సెక్టార్లెన్నో చెబుతుంది. 199వ వరుస పెరుగుతుంటే తప్పు సాధారణంగా డిస్కుది కాదు, దాన్ని తగిలించిన కేబులుది. నూరు రూపాయల కేబులు మార్చక డిస్కును పారేసినవారిని చూశాను.

గూగుల్ సంస్థ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను గమనించి 2007లో ఒక పత్రం ప్రకటించారు. డిస్కు తన ఉపరితలాన్ని తాను పరీక్షించుకొని తొలి దోషాన్ని కనిపెట్టిన తరువాత, 60 రోజుల లోపల అది చెడిపోయే అవకాశం దోషం లేనివాటికంటే 39 రెట్లు ఎక్కువ అని తేల్చారు. ఇంతకంటే స్పష్టంగా ఏ యంత్రం చెప్పగలదు? "అదే పత్రంలో, చెడిపోయిన డిస్కుల్లో సగానికి పైగా ముఖ్యమైన సూచనలేవీ చూపలేదని కూడా ఉంది కదా" అని తెలిసినవారు అడగవచ్చు. నిజమే, ఉంది. కొన్ని చెప్పి పోతాయి, కొన్ని చెప్పకుండా పోతాయి. చెప్పినప్పుడు వినాలి. చెప్పకపోయినా తట్టుకునేలా రెండవ ప్రతి ఉండాలి. మనవారు ఈ రెండూ చేయరు. మూడవ పని ఒకటి చేస్తారు. దాని గురించే ఇంత ఆవేశం.

నగరంలో ఒక సాహిత్య సంఘం ఉంది. పేరు అనవసరం. నాలుగు డిస్కుల లినక్సు యంత్రంలో కొన్ని వందల పాత పుస్తకాల స్కానులు పెట్టుకున్నారు. నాలుగింటిలో ఏ ఒక్కటి పోయినా మిగతా మూడింటినుంచి లెక్కగట్టి చదువుకోగల రెయిడ్ 5 అమరిక అది. వాటిలో ఒకటి పక్కకు తప్పుకొని నెలలు గడిచాయి. ఎండీఎడిఎం అనే కాపలాదారు పద్ధతి ప్రకారం రూట్ పేర జాబులు పంపుతూనే ఉన్నది. ఆ పెట్టెను తెరిచి చూడడం ఎవరి పనీ కాదు. ఇంతలో మరో డిస్కులో చదవరాని సెక్టార్లు బయలుదేరాయి. అప్పుడు పిలిపించిన సాంకేతికుడు రెండు పనులు చేశాడు. మొదట ఎఫ్‌ఎస్‌సీకే నడిపి, అది అడిగే ప్రతి ప్రశ్నకూ ముందే అవునని ఒప్పుకున్నాడు. తరువాత చదవరాని సెక్టార్ల మీద సున్నాలు రాసేశాడు. 197వ వరుసలో అంకె సున్నాకు దిగింది. "మాస్టారూ, బాగైపోయిందండీ!" అని కార్యవర్గ సభ్యుడొకరు నాకు సంతోషంగా ఫోను చేశారు.

వెళ్లి చూశాను. కొన్ని పుస్తకాల్లో పుటలు బూడిదైపోయాయి. లాస్ట్ ప్లస్ ఫౌండ్ అనే సంచిలో పేర్లు పోయి అంకెలు మాత్రమే మిగిలిన దస్త్రాలు కుప్పగా ఉన్నాయి. ఏది ఏ పుస్తకమో ఒక్కొక్కటీ తెరిచి చూడవలసిందే.

జరిగినదేమిటో పండిత భాషలో చెబుతాను. తాటాకు మీద ఒక పంక్తి చెరిగిపోయి చదవడానికి రావడం లేదు. గంటంతో ఆ పంక్తిని పూర్తిగా గీకివేసి, "ఇప్పుడు ఆకు శుభ్రంగా ఉంది, చదవలేని అక్షరం ఒక్కటీ లేదు" అని ప్రకటించారు. చదవరాని సెక్టారు మీద కొత్తగా ఏదైనా రాస్తే డిస్కు ఆ చోటును మళ్లీ వాడుకుంటుంది, లేదా పక్కన దాచిన అరను బదులు తెచ్చుకుంటుంది. రెండు విధాలా అంకె సున్నా అవుతుంది, పాత అక్షరం శాశ్వతంగా పోతుంది. అంతకు ముందు పదిసార్లు ఓర్పుగా ప్రయత్నిస్తే పదకొండవసారి చదవగలిగే అవకాశం ఉండేది. ఇక ఉండదు.

ఎఫ్‌ఎస్‌సీకే సంగతీ అంతే. దాని పని దస్త్రాల వ్యవస్థను పొంతన కుదిరేలా చేయడం. పోయినదాన్ని తెచ్చివ్వడం దాని పని కాదు. పోతన భాగవతంలో కొన్ని భాగాలు శిథిలమయ్యాయని పరంపరగా చెబుతారు. పంచమ స్కంధాన్ని గంగన, షష్ఠాన్ని సింగన, ఏకాదశ ద్వాదశాలను నారయ రచించారు. పన్నెండు స్కంధాలూ ఉన్నాయి, గ్రంథం నిండుగా ఉంది. కాని పంచమ స్కంధంలో పోతన లేడు. ఆ కవులు కనీసం తమ పేర్లు చెప్పుకున్నారు, ఎవరి రచన ఎంతవరకో మనకు తెలిసింది. ఎఫ్‌ఎస్‌సీకేకు అంత సౌజన్యం కూడా లేదు. అతుకులు వేసి, అతకనివి సంచిలో పడవేసి, అంతా సవ్యమేనంటుంది. రోగమున్న డిస్కు మీదే దాన్ని నడపడం, ఒక్కటే ఉన్న మాతృక మీద ఎర్రసిరాతో దిద్దడమే.

మరి చేయవలసినదేమిటి? మన లేఖకులు చేసినదే. తాళపత్ర ప్రతుల చివర లేఖకులు సంప్రదాయంగా ఒక విన్నపం రాసేవారు. చూసినది చూసినట్టు రాశాను, తప్పైనా ఒప్పైనా దోషం నాకు అంటదు అని దాని సారాంశం. ఆకు విరిగిన చోట ఖాళీ వదిలేవారు. అచ్చువేసే పరిష్కర్త అక్కడ గ్రంథపాతమని సూచించేవాడు. కల్పించి నింపడం పాపమని వారికి తెలుసు. ఈ ధర్మాన్ని అక్షరాలా పాటించే ఉపకరణం లినక్సులో ఉన్నది, దాని పేరు డీడీరెస్క్యూ. డబ్బు పెట్టి కొనవలసినది కాదు. ముందుగా బాగున్న చోట్లన్నీ చకచకా చదివి కొత్త డిస్కుకు ఎక్కిస్తుంది. చెడిన చోటు తగిలితే అక్కడే తల బాదుకోకుండా దాటిపోతుంది. తరువాత వెనక్కు వచ్చి అంచులనుంచి కొద్దికొద్దిగా గీరుకుంటూ వస్తుంది. ఎక్కడ చదివిందో, ఎక్కడ చదవలేకపోయిందో ఒక పటం రాసిపెడుతుంది. నా దృష్టిలో ఆ పటం గ్రంథపాత సూచిక. పాత డిస్కు మీద ఒక్క అక్షరం కూడా రాయకుండా, ముందుగా ఇలా ప్రతి తీయాలి. ఎఫ్‌ఎస్‌సీకే అయినా మరొకటైనా ఆ ప్రతి మీదనే నడపాలి. ఇదేమీ రహస్య విద్య కాదు. ఎక్కడ వెతికినా దొరికే విషయం. దొరికేదాన్ని చదవకపోవడాన్నే నేను తప్పుపడుతున్నాను.

నా మాటకు వచ్చే ఆక్షేపణలు తెలుసు. మొదటిది, "మాకు రెయిడ్ ఉందండీ." రెయిడ్ అనే పేరును లోకానికి పరిచయం చేసిన పత్రం బర్క్‌లీనుంచి 1988లో వెలువడింది. ఒక డిస్కు పోయినా పని ఆగకూడదన్నది దాని ఆశయం. అంతవరకు అది గొప్పదే. పొరపాటున ఒక పుస్తకాన్ని తొలగిస్తే రెయిడ్ దాన్ని అన్ని డిస్కులనుంచీ నిష్ఠగా తొలగిస్తుంది. నాలుగు డిస్కులూ ఒకే పెట్టెలో, ఒకే ఉక్కలో, ఒకే ఇన్వర్టరు కింద ఉంటాయి. తరచుగా ఒకేనాడు కొన్నవే. పైగా డెస్కుటాపు డిస్కులు చెడిన సెక్టారును చదవాలని చాలాసేపు పట్టుబడతాయి. లినక్సు మామూలుగా 30 సెకన్లు ఆగి, జవాబు రాకపోతే ఆ డిస్కును తిరగదోడుతుంది. అలా ఒక్క చెడు సెక్టారు కోసం మొత్తం డిస్కే వరుసలోనుంచి బయటకు పోవచ్చు. నిల్వ పెట్టెల కోసమే చేసిన డిస్కులు ఏడు సెకన్లలో తేల్చి చెప్పేలా అమర్చి ఉంటాయి. కొనేటప్పుడు ఈ తేడా అడిగేవారెందరు? ఇక రెయిడ్‌ను నెలకొకసారి మొదటినుంచి చివరిదాకా చదివించాలి. డెబియన్‌లో నెలలో మొదటి ఆదివారం ఆ పని జరిగే ఏర్పాటు వచ్చింది. రాత్రి శబ్దం వస్తున్నదని యంత్రాన్ని ఆపేస్తే ఎవరూ తెరవని పుస్తకంలో పురుగు పడినట్టే, ఎవరూ చదవని సెక్టారు చెడిన సంగతి ఎవరికీ తెలియదు. ఒక డిస్కు పోయి, మిగతా మూడూ మొదటినుంచి చివరిదాకా తప్పక చదవవలసిన నాడే బయటపడుతుంది.

రెండవది, "అంత డబ్బెక్కడిది?" ఒక ఆవిష్కరణ సభకు కట్టే ఫ్లెక్సీలు, కప్పే శాలువాలు, పంచే ఫలహారాలు లెక్క వేయండి. అందులో ఒక డిస్కు వస్తుంది. వేదిక మీద సన్మానం ఫొటోలో పడుతుంది, బీరువాలోని రెండవ ప్రతి పడదు. అసలు చిక్కు అక్కడ ఉందని నా అనుమానం.

మూడవది, "అంతా ఉచితంగా జాలంలో పెట్టేశాం." ఇది వినగానే మన బ్లాగరులమంతా తల దించుకోవాలి. జియోసిటీస్ 2009లో మూతపడింది. యాహూ గుంపులు 2019 చివరలో పాత జాబులను తీసివేసి 2020 డిసెంబరులో పూర్తిగా మూసుకున్నాయి. రచ్చబండ వంటి తెలుగు చర్చలు ఆ గుంపుల్లోనే జరిగాయని పాతకాపులకు గుర్తుండే ఉంటుంది. రెండేళ్లు తెరవని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరునుంచి అమలులోకి తెచ్చింది. మన తొలితరం బ్లాగరుల్లో కీర్తిశేషులైనవారున్నారు. వారి ఖాతాలు ఇక ఎవరు తెరుస్తారు? ఆ సంస్థల డిస్కులకు పర్యవేక్షణ లేకపోలేదు. చెడిన సెక్టారు చేయలేని పనిని వ్యాపార నిర్ణయం ఒక్కపూటలో చేస్తుంది.

ఇందుకు మన కళ్ల ముందరి ఉదాహరణ ఉన్నది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి గారి పూనికతో, పది లక్షల పుస్తకాలను స్కాను చేయాలన్న ప్రయత్నం 2000 దశకం తొలి ఏళ్లలో మొదలైంది. మన దేశంలో అది భారత డిజిటల్ గ్రంథాలయంగా నడిచింది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని ఐఐఐటీ అందులో ముఖ్య భాగస్వాములు. పుటలు తప్పినవి, వంకరపోయినవి ఎన్ని ఉన్నా, వేల తెలుగు పుస్తకాలు మన ఇళ్లలోకి వచ్చినది దానివల్లనే. తరువాత ఆ గూళ్లు మూతపడ్డాయి. అయినా ఆ పుస్తకాలు ఇవాళ చదవగలుగుతున్నామంటే, కొందరు ముందుచూపుతో వాటిని లక్షల సంఖ్యలో ఇంటర్నెట్ ఆర్కైవుకు ప్రతి తీసి ఎక్కించారు. అక్కడ ఒక్కొక్క పుస్తకం పేరు వెంట ఇప్పటికీ పాత గూటి చిరునామా, 2015 అనే అంకె ఇంటిపేరులా అంటిపెట్టుకొని ఉంటాయి. తెలుగు వికీసోర్సులో స్వచ్ఛంద సేవకులు అక్షరం అక్షరం దిద్దుతున్న పుస్తకాల్లో అనేకం ఆ దారిన వచ్చినవే. ఆ ఆర్కైవు కూడా 2024 అక్టోబరులో దాడులకు గురై కొన్ని రోజులు తెరుచుకోలేదు. అక్కడ ఉంది కదా అని నిశ్చింతగా ఉండడానికి కూడా లేదు.

ఇంకొక ప్రమాదం ఉన్నది. డిస్కు దోషం చెప్పకుండా, పాఠం లోలోపల మారిపోవడం. ఛందస్సు మనకు పాఠరక్షణ కూడా చేసింది. గణం తప్పినా, యతి చెడినా, ప్రాస కుదరకపోయినా అక్కడ లేఖక ప్రమాదముందని పరిష్కర్త ఇట్టే పట్టుకుంటాడు. షా-256 అనే మొత్తం దస్త్రానికి అదే పని చేస్తుంది. ఒక్క బిట్టు మారినా మొత్తం మారిపోతుంది. జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వంటి వ్యవస్థలు ఇటువంటి లెక్కను తామే వేసుకుంటాయి. ఎక్కువమంది వాడే ఈఎక్స్‌టీ4 దస్త్రాల లోపలి పాఠానికి ఆ లెక్క వేయదు. అయితే యతిభంగం తప్పున్నదని చెబుతుంది గాని కవి రాసిన మాట ఏదో చెప్పదు. అందుకు మరో ప్రతి చూడాలి. ఏ దారిన వెళ్లినా రెండవ ప్రతి దగ్గరికే వస్తాం.

ప్రతి లేకపోతే ఏమవుతుందో తెలుగువాడికి వేరే చెప్పాలా? తిక్కన విజయసేనము లక్షణకారులు ఉదాహరించిన పద్యాలలో మిగిలింది. ఎర్రన రామాయణం లేదు. శ్రీనాథుడి మరుత్తరాట్చరిత్ర, శాలివాహన సప్తశతి గ్రంథాలుగా దక్కలేదు. నన్నెచోడుని కుమారసంభవం మానవల్లి రామకృష్ణకవి గారి కంటబడి 1909లో అచ్చయింది గనుక దక్కింది. నాటివారికి చెదలు, తేమ, నిప్పు తప్ప మరో శత్రువు తెలియదు. వారి చేతిలో ఉన్నది గంటం ఒక్కటే, ఒక గ్రంథానికి నెలలు పట్టేది. మనకు రాత్రి ఒక ఆదేశమిచ్చి పడుకుంటే తెల్లవారేసరికి ప్రతి సిద్ధమవుతుంది. అయినా మనం పోగొట్టుకుంటున్నామంటే వారి ముందు మనకు చెప్పుకోవడానికి ఏ సాకూ లేదు.

స్కాను చేసేవారి శ్రమను నేను తక్కువ చేయడం లేదు. దుమ్ము పీల్చి, నడుములు పడిపోయేలా ఒక్కో పుట తిప్పినవారు వందనీయులు. ఆ శ్రమ వృథా పోకూడదన్నదే నా బాధ. ఎవరైనా "మా దగ్గర ఇన్ని టెరాబైట్ల తెలుగు ఉంది" అని సభలో ప్రకటిస్తే చప్పట్లు కొట్టేముందు ఈ నాలుగు ప్రశ్నలు అడగండని నా మనవి.

1. రెండవ ప్రతి ఏ ఇంట, ఏ ఊళ్లో ఉంది?
2. అన్ని దస్త్రాలనూ మొదటినుంచి చివరిదాకా కడపటిసారి ఎప్పుడు చదివించారు? మొత్తాలు సరిపోయాయా?
3. డిస్కు రాసే హెచ్చరిక జాబు ఏ మనిషికి చేరుతుంది? ఆ మనిషి ఊరెళితే ఎవరు చూస్తారు?
4. దోషం కనబడిన నాడు మొదట ప్రతి తీస్తారా, మొదట మరమ్మతు చేస్తారా?

నాలుగవ దానికి "మరమ్మతు" అని జవాబు వస్తే, ఆ పుస్తకాలను ఆ రాత్రే మీ డిస్కులోకి దింపుకోండి.

అడిగినందుకు మొహం చిట్లించేవారుంటారు, నన్ను చాదస్తుడన్నవారూ ఉన్నారు. పాఠం నిలవడానికి పనికివస్తే ఆ బిరుదు నాకు సమ్మతమే. ఇందులో సాంకేతికంగా దిద్దవలసినదేమైనా ఉంటే తెలిసినవారు వ్యాఖ్యలో చెప్పండి. మా విశ్రాంత ఇంజనీర్ల ముందు పెట్టి చర్చిస్తాను.

సెలవు.